పత్థర్‌గట్టీలో రత్నపరీక్ష

హైదరాబాద్ పాతబస్తీలో మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు నడిచేవారికి దారికి రెండువైపులా ఒకే తీరున సాగే రాతి తోరణాల వరుస కనిపిస్తుంది. నిజాం ప్రభుత్వ కాలంలో, 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో కట్టిన అంగళ్ల వరుస ఇది. పత్థర్‌గట్టీ అన్న పేరులోనే రాయి ఉంది. ఆ తోరణాల కింద నేడు అమ్ముడుపోయేవాటిలోనూ రాళ్లకు పెద్ద వాటా ఉంది. షేర్వానీల దుకాణాలు, అత్తరు సీసాలు దాటుకుని ముందుకు సాగితే చార్‌కమాన్, గుల్జార్ హౌజ్ వస్తాయి. అక్కడ ముత్యాల దండలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. బంగారు, వెండి దుకాణాలు భుజం భుజం ఒరుసుకుని ఉంటాయి. చార్మినార్‌కు పడమరన లాడ్‌బజార్‌లో లక్క గాజుల మీద అద్దపు ముక్కలు తళతళలాడతాయి. అసలు రాయి, నకిలీ రాయి, అసలుకు నకలు కాని మూడో రకం రాయి కూడా కూతవేటు దూరంలోనే దొరికే బజారు ఇది.

ఆ మూడో రకం గురించి చెప్పడానికే ఈ వ్యాసం. మన ఇళ్లలో నికాహ్ కుదిరితే నగల కోసం ఈ వీధికి రావడం ఆనవాయితీ. కర్నూలు, కడప, గుంటూరు, నల్గొండ, వరంగల్ నుంచి కుటుంబాలు పొద్దున్నే బస్సు దిగి, సాయంత్రానికి జడావు సెట్టుతోనో, ముత్యాల సత్‌లడాతోనో తిరుగుముఖం పడతాయి. ఇటీవల వారిలో కొందరి చేతుల్లో ఓ కొత్త వస్తువు కనిపిస్తోంది. లావుపాటి పెన్నులా ఉంటుంది. కొసన సన్నని లోహపు సూది, ఒంటిమీద చిన్న దీపాల వరుస. రాతికి ఆ సూదిని ఆనిస్తే దీపాలు వెలుగుతాయి, ‘కూత’ పెడుతుంది. దీన్నే వ్యాపారులు టెస్టర్ అంటారు. చౌకరకం వెయ్యి, రెండు వేల రూపాయలకు ఇంటికే వచ్చి చేరుతోంది. ఇది చేతిలో ఉంటే మోసపోమన్న ధైర్యం చాలామందిలో కలుగుతోంది. ఆ ధైర్యం ఎంతవరకు సబబో తెలుసుకోవాలంటే ఈ నగరానికీ రత్నపరీక్షకూ ఉన్న పాత బంధాన్ని ముందు తలచుకోవాలి.

దీపం వెలుగులో వజ్రం

1591లో చార్మినార్ వెలిసేనాటికే గోల్కొండ పేరు వజ్రాలతో ముడిపడి ఉంది. వజ్రాలు గోల్కొండ కోటలో దొరికేవి కావు. కృష్ణా తీరాన, నేటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు వంటి గనుల్లో దొరికేవి. వాటి సంత మాత్రం గోల్కొండ రాజ్యంలో సాగేది. 17వ శతాబ్దంలో ఈ ప్రాంతానికి పలుమార్లు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు జీన్ బాప్టిస్ట్ టావెర్నియే తన యాత్రాగ్రంథంలో ఇక్కడి వ్యాపారుల పద్ధతులను శ్రద్ధగా నమోదు చేశాడు. ఐరోపాలో ముడి వజ్రాన్ని పగటి వెలుతురులో పరీక్షిస్తే, ఇక్కడివారు రాత్రిపూట పరీక్షిస్తారని రాశాడు. గోడలో అడుగు మేర గూడు చేసి, అందులో లావుపాటి వత్తి దీపం పెట్టి, రాతిని వేళ్ల నడుమ పట్టుకుని, ఆ వెలుగులో దాని నీరు, మచ్చలు చూసేవారట. గని దగ్గర పదేళ్లు దాటిన కుర్రాళ్లు సైతం నడుముకు తూనికరాళ్ల సంచి కట్టుకుని చెట్టు కింద కూర్చుని వజ్రాలు కొనేవారట. బేరం నోటితో కాదు, గుడ్డ చాటున చేతివేళ్ల స్పర్శతో. పక్కనున్నవాడికి ధర తెలిసేది కాదు.

ఆనాడు వ్యాపారికి ఉన్న సాధనాలు మూడే: కన్ను, వేలు, తక్కెడ. ఈ మూడింటికీ తోడు నాలుగోది ఒకటి ఉండేది, అదే మాట. గుడ్డ చాటున కుదిరిన బేరానికి సాక్షి ఉండడు కదా. మాట తప్పినవాడికి మరునాడు ఆ చెట్టు కింద చోటు ఉండదు.

పెదవికి తెలిసిన సంగతి

గుల్జార్ హౌజ్ వెనుక సందులో మెట్ల కింద ఓ చిన్న దుకాణం ఉంది. యజమాని డెబ్బై దాటిన పెద్దాయన. కొత్త నగలు అమ్మరు. విడిరాళ్లు కొంటారు, అమ్ముతారు, పాత నగల్లో రాళ్లు ఊడితే పొదిగించి ఇస్తారు. ఓ మధ్యాహ్నం జుహర్ నమాజు తరువాత ఆయన పక్కన పీట మీద చాలాసేపు కూర్చునే అవకాశం నాకు దొరికింది. టెస్టర్ గురించి అడిగితే ఆయన ముందుగా దాన్ని ముట్టుకోలేదు. రెండు ఎర్రరాళ్లు నా అరచేతిలో పెట్టి, ఒకదాని తరువాత ఒకటి పెదవికి ఆనించి చూడమన్నారు. ఒకటి చల్లగా తగిలి, కాసేపు చల్లగానే ఉంది. రెండోది క్షణంలో వెచ్చబడింది. మొదటిది కెంపు, రెండోది గాజు.

“మా నాన్నగారు నేర్పిన పరీక్ష ఇది. ఈ పెన్ను చేసేదీ ఇదే. దాని పెదవి రాగిది, అంతే తేడా” అన్నారు నవ్వుతూ.

ఆ పోలిక అక్షరాలా నిజం. టెస్టర్ సూది మొనను లోపలి విద్యుత్తు కొద్దిగా వేడి చేస్తుంది. మొన రాతికి తగిలినప్పుడు ఆ వేడి రాతిలోకి ఎంత వేగంగా జారిపోతుందో పరికరం కొలుస్తుంది. ఒక్కో పదార్థం ఒక్కో వేగంతో వేడిని లాక్కుంటుంది. గాజుకంటే కెంపు సుమారు ముప్పై రెట్లు ఎక్కువగా, వజ్రం వెయ్యి రెట్లో అంతకు మించో ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. ఈ విషయంలో వజ్రం రాగిని కూడా మించిపోతుంది. అందుకే వజ్రానికీ గాజుకూ, వజ్రానికీ మన బజారులో ‘అమెరికన్ డైమండ్’ అని పిలిచే కృత్రిమ రాయికీ తేడా చెప్పడంలో ఈ పెన్ను ఎంతో నమ్మదగినది.

వాడటానికీ ఓ పద్ధతి ఉంది. పరికరాన్ని ఆన్ చేసి మొన వేడెక్కేదాకా ఆగాలి. రాతిమీద జిడ్డు, దుమ్ము తుడవాలి. మొనను రాతి పైముఖానికి నిటారుగా ఆనించాలి. పక్కనున్న బంగారానికి తగిలితే అది లోహపు వేడినే చదువుతుంది. చేతిలో చాలాసేపు పట్టుకున్న రాయిని, ఫ్యాను గాలి నేరుగా తగిలే రాయిని పరీక్షించకూడదు. ఒకసారి పరీక్షించిన రాయిని చల్లారనిచ్చి రెండోసారి చూడాలి. మరీ చిన్న రాళ్లు తేలికగా వేడెక్కి తప్పు చూపుతాయి. వజ్రానికి మాత్రమే ఉద్దేశించిన పరికరాలు వేరు, రంగురాళ్ల పట్టీ ఉన్నవి వేరు. రంగురాళ్ల పరికరంలో సైతం పచ్చ, స్ఫటికం వంటి రాళ్ల కొలతలు ఒకదానికొకటి దగ్గరగా పడతాయి. అక్కడ దీపం చెప్పేది తీర్పు కాదు, ఓ సూచన మాత్రమే.

అల్‌బీరూనీ తూకం

పెద్దాయన పరికరం మీద కెంపుకూ నీలానికీ ఒకే గడి ఉండటం చూసి నాకు ఆశ్చర్యం కలిగింది. ఎరుపుకూ నీలానికీ ఒకే కొలత ఎలా? కారణం సులువే. ఖనిజశాస్త్రం దృష్టిలో రెండూ ఒకటే, అల్యూమినియం ఆక్సైడు స్ఫటికం. అందులో కలిసిన లేశమాత్రపు ఇతర లోహాలను బట్టి రంగు మారుతుంది. అరబ్బీ భాష ఈ బంధుత్వాన్ని ఎన్నడో గుర్తించింది. ఎర్రదీ, నీలిదీ, పసుపుదీ, తెల్లదీ అన్నిటినీ ‘యాఖూత్’ అనే ఒక్క పేరు కిందే చేర్చింది. దివ్యఖుర్ఆన్‌లోని అర్రహ్మాన్ సూరాలో ముత్యం, పగడాలతో పాటు ప్రస్తావనకు వచ్చిన పేరు కూడా అదే.

వెయ్యేళ్ల క్రితం ఖ్వారిజ్మ్‌లో పుట్టి గజనీలో జీవించిన అబూ రైహాన్ అల్‌బీరూనీ రత్నాల గురించి ‘కితాబుల్ జమాహిర్’ అనే గ్రంథమే రచించారు. ఆయన రాతి రంగునో, అమ్మేవాడి వర్ణననో నమ్మి ఊరుకోలేదు. శంఖాకారపు పాత్రను నీటితో నింపి, రాయిని అందులో వేసి, పక్కగొట్టం ద్వారా పొర్లిన నీటిని తూచారు. నీలి యాఖూత్‌ను నూరుగా పెట్టుకుని తక్కిన రాళ్ల సాంద్రతలను దానితో పోల్చారు. బదఖ్షాన్ నుంచి వచ్చే ఎర్రని ‘లాల్’ చూపుకు కెంపులా ఉన్నా, ఈ తూకంలో పదోవంతు తేలికగా తేలింది. అంటే అది వేరే రాయి. నేటి శాస్త్రం దాన్ని స్పినెల్ అంటుంది. ఆయన తరువాత మర్వ్ నగరంలో అల్‌ఖాజినీ 1121లో ‘మీజానుల్ హిక్మా’ అనే గ్రంథంలో నీటి తక్కెడను మరింత మెరుగుపరచి, లోహాల్లో, రత్నాల్లో కల్తీ పట్టే విధానాన్ని వివరించారు. ఐరోపా రాచకిరీటాల్లో కెంపులుగా పేరుపడ్డ రాళ్లు తరువాతి కాలంలో స్పినెల్ అని తేలాయి. బ్రిటిష్ రాచకిరీటంలో ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’గా ప్రసిద్ధికెక్కిన రాయి అందులో ఒకటి. చేతి టెస్టర్ ఆ గొలుసులో ఒక కొత్త కొక్కెం మాత్రమే. చూపు మోసపోయిన చోట కొలతను సాక్ష్యానికి పిలవడం మన పూర్వులకు బాగా తెలిసిన విద్య.

టెస్టర్‌కు తెలియనివి

ఇక్కడే జాగ్రత్త అవసరం. కొలత తానేది కొలుస్తున్నదో దాన్నే చెబుతుంది. టెస్టర్ ‘ఇది ఏ పదార్థం’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబిస్తుంది. కొనేవారు అడగాల్సిన తక్కిన ప్రశ్నలు దానికి వినిపించవు.

మొదటిది, రాయి భూమిలో పుట్టిందా, కొలిమిలో పుట్టిందా? ఫ్రెంచి రసాయనవేత్త ఆగస్ట్ వెర్నూయ్ 1902లో కెంపును తయారుచేసే విధానాన్ని లోకానికి వెల్లడించాడు. మెత్తని అల్యూమినియం ఆక్సైడు పొడిని రెండు వేల డిగ్రీలు దాటిన మంటలోంచి రాల్చి, చుక్కచుక్కగా పేర్చితే కెంపు స్ఫటికం పెరుగుతుంది. అది గాజు కాదు, రంగు పూసిన రాయి కాదు. పదార్థంలో, గట్టితనంలో, వేడి ప్రసరణలో నూటికి నూరుపాళ్లూ కెంపే. కాబట్టి టెస్టర్ నిజాయితీగా కెంపు అనే చెబుతుంది. కానీ ధరలో సహజమైన కెంపుకూ దీనికీ వేల రెట్ల తేడా ఉండవచ్చు. మొదట్లో నేను చెప్పిన మూడో రకం ఇదే.

వజ్రాల్లోనూ అదే పరిస్థితి. యంత్రాల్లో పెంచిన వజ్రాలు ఇప్పుడు సూరత్‌లో పెద్దఎత్తున తయారవుతున్నాయి. అవి వజ్రాలే, టెస్టర్ అదే చెబుతుంది. వాటి ధర మాత్రం గనివజ్రం ధరలో చాలా చిన్న భాగం. మాయిసనైట్ అనే సిలికాన్ కార్బైడ్ రాయి 1990ల చివరలో నగల బజారుకు వచ్చింది. అది వజ్రం కాకపోయినా వేడి విషయంలో వజ్రానికి దగ్గరగా ఉండటం వల్ల పాత టెస్టర్లను తికమక పెట్టింది. దాన్ని పట్టుకోవడానికి విద్యుత్ ప్రసరణను కొలిచే మరో రకం పరికరం వచ్చింది. మాయిసనైట్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, వజ్రం సాధారణంగా ప్రసరింపజేయదు. కానీ అరుదైన నీలి వజ్రాలు ప్రసరింపజేస్తాయి. టావెర్నియే ఇక్కడి నుంచి తీసుకెళ్లిన నీలివజ్రం నుంచే చెక్కిందిగా భావించే ‘హోప్’ వజ్రం అలాంటిదే. వాషింగ్టన్ మ్యూజియంలో వెలుగుతున్న ఆ రాయిని కేవలం విద్యుత్తును కొలిచే చౌకరకం పెన్నుతో ముట్టుకుంటే, అది వజ్రమే కాదని చెప్పే అవకాశం ఉంది!

రెండోది, రాతికి ఏం చేశారు? నాసిరకం కెంపుల పగుళ్లలో సీసపు గాజు నింపి నిగ్గు తెస్తారు. సూది రాతిభాగానికి తగిలితే కెంపనే పలుకుతుంది. అలాంటి రాయి నిమ్మరసానికి, కంసాలి మంటకు పాడైపోతుంది. పచ్చల పగుళ్లలో నూనె నింపడం పాత అలవాటు. శ్రీలంక నీలాలకు వేడితో రంగు తేవడం లోకమంతటా అంగీకరించిన పద్ధతే. ఇవన్నీ తప్పని కాదు. చెప్పకుండా అమ్మడమే తప్పు. చెప్పారా లేదా అన్నది పరికరం కొలిచేది కాదు.

ఒక ఉంగరం, ముగ్గురు వారసులు

ఆ మధ్యాహ్నమే నంద్యాల వైపు నుంచి ఓ కుటుంబం ఆ దుకాణానికి వచ్చింది. నలభై ఏళ్లు దాటిన అన్నగారు, ఆయన తమ్ముడు, వాళ్లిద్దరి వెనుక కాస్త ఎడంగా నిలుచున్న చెల్లెలు. మూడు నెలల క్రితం తల్లి మరణించింది. తండ్రి అంతకు ముందే పోయాడు. ఆస్తి పంపకం జరుగుతోంది. తల్లి నగల్లో అమ్మమ్మ నాటి ఉంగరం ఒకటి ఉంది. దాంట్లో చింతగింజంత ఎర్రరాయి. అన్నగారు టెస్టర్ కొని తెప్పించి పరీక్షించాడు. కెంపు అని చూపింది. ఊళ్లో ఓ నగల వ్యాపారి ఆ దీపాన్ని చూసే నాలుగు లక్షలు పలుకుతుందన్నాడు. దాంతో ఇంట్లో ఓ ఏర్పాటు కుదిరింది. ఇంటిలో, నగదులో చెల్లెలికి రావలసిన వాటాకు బదులు ఉంగరం ఆమెకు ఇచ్చేయాలి. ఆమెకూ అభ్యంతరం లేదు. తల్లి వేలికి ఉన్న ఉంగరం కదా. పంపకం కాగితం మీద సంతకాలు పెట్టేముందు పొదుగు బిగించుకుందామని వచ్చారు.

పెద్దాయన ఉంగరాన్ని తీసుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి, ముందుగా తన టెస్టర్ ఆనించారు. కెంపు గడిలోనే దీపం వెలిగింది. అన్నగారి ముఖం విప్పారింది. ఆ తరువాత ఆయన పదిరెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దాన్ని కంటికి ఆనించి, దీపం కింద రాయిని అటూ ఇటూ వాల్చుతూ చాలాసేపు చూశారు. ఏమీ మాట్లాడకుండా భూతద్దాన్ని చెల్లెలి చేతికిచ్చారు.

“బేటీ, నువ్వు చూడు. లోపల సన్నని గీతలున్నాయా?”

“ఉన్నాయి చాచా.”

“తిన్నగా ఉన్నాయా, వంపుగా ఉన్నాయా?”

ఆమె కాసేపు రాయిని వాల్చి చూసింది. “వంపుగా ఉన్నాయి. పాతకాలపు పాటల రికార్డు మీద గీతల్లా. చిన్న బుడగలు కూడా ఉన్నాయి.”

“భూమిలో పెరిగిన రాయిలో గీతలు తిన్నగా, మూలలు తిరుగుతూ ఉంటాయి. వంపు గీతలు మంటలో పెరిగిన రాయికే వస్తాయి. ఇది కెంపే బేటీ. కానీ భూమి కన్నది కాదు, కొలిమి కన్నది.”

అన్నగారు నమ్మలేకపోయాడు. “అమ్మమ్మ కాలం నాటిది చాచా! అప్పుడు నకిలీలెక్కడివి?” అన్నాడు.

అలాంటి రాళ్లు నూరేళ్లకు పైబడి బజారులో ఉన్నాయని, అమ్మమ్మకు అమ్మినవాడికే తెలిసి ఉండకపోవచ్చని పెద్దాయన వివరించారు. పాతనగ కావడం రాతికి సాక్ష్యం కాదన్నారు. పైగా, “ఇది వారసుల లెక్క. ఇందులో నా కన్ను ఒక్కటీ చాలదు. రాయి విప్పించి ల్యాబ్‌లో రిపోర్టు తీసుకోండి. రిపోర్టు వచ్చేవరకు సంతకాలు పెట్టకండి” అని చెప్పారు.

దుకాణంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అన్నగారి ముఖంలో మోసం బయటపడ్డవాడి కలవరం లేదు. తెలియక ఎంత పెద్ద అన్యాయం చేయబోయాడో తెలిసినవాడి కలవరం ఉంది. తల్లి వదిలివెళ్లిన సొత్తు కొద్దిదైనా గొప్పదైనా అందులో కూతురి వాటా ధర్మశాస్త్రం నిర్ణయించినదే. అన్నదమ్ముల దయ మీద ఆధారపడినది కాదు. ఆ వాటాను కొన్ని వందలు విలువచేసే రాతితో సరిపెట్టి ఉంటే, కాగితం మీద లెక్క సరిపోయేది, అల్లాహ్ వద్ద మిగిలిపోయేది.

చివరికి ఆయనే నోరు విప్పాడు. “రాయిని లెక్కలోంచి తీసేద్దాం. ఉంగరం బంగారం తూకానికే కడదాం. ఇంటిలో నీ వాటా నీకు డబ్బుగా ఇస్తాం చెల్లీ.” తమ్ముడు తలూపాడు.

“ఉంగరం మాత్రం నాకే ఇవ్వండి భాయీజాన్. అది అమ్మది” అంది ఆమె.

పెద్దాయన పొదుగు బిగించి ఇచ్చారు. కూలి తీసుకున్నారు, సలహాకు తీసుకోలేదు.

ఏ పరికరమూ కొలవనివి

ముత్యాల సంగతి మరోటి. హైదరాబాద్‌ను ముత్యాల నగరం అంటారు గానీ ఇక్కడ ముత్యం పుట్టదు. రంధ్రం వేసి, శుద్ధి చేసి, గుచ్చి అమ్మే పనితనం ఇక్కడిది. ఒకప్పుడు పారశీక గల్ఫు జలాల నుంచి సహజ ముత్యాలు ‘బస్రా’ పేరుతో వచ్చేవి. నేడు అంగళ్లలో కనిపించేవి అత్యధికం చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవి. టెస్టర్ సూది ముత్యానికి పనికిరాదు. పంటి అంచుకు మెల్లగా రాస్తే అసలు ముత్యం సన్నని ఇసుకలా గరగరలాడుతుంది, గాజుపూస నున్నగా జారిపోతుంది. కానీ సహజమైనదా, పెంచినదా అన్నది పంటికి తెలియదు. దానికి ఎక్స్‌రే పరీక్ష కావాలి. ‘బస్రా’ అని చెప్పి అమ్మేవారిని రిపోర్టు అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

మక్కా మసీదు వైపు వెళ్లే కాలిబాట మీద వెండి ఉంగరాలు, అఖీఖ్, ఫిరోజా రాళ్లు పరిచి అమ్ముతుంటారు. రంగు వేసిన తెల్లరాయి ఫిరోజాగా చలామణి కావడం మామూలు. అఖీఖ్‌ను వేడిచేసి ఎరుపు తేవడం గుజరాత్‌లోని ఖంభాత్‌లో తరతరాల వృత్తి. అక్కడ రాతితో పాటు మరొకటి కూడా అమ్ముడుపోతుంది. ఈ రాయి పెట్టుకుంటే అప్పులు తీరతాయని, ఆ రాయి పెట్టుకుంటే దిష్టి తగలదని చెప్పి ధర పెంచుతారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) వెండి ఉంగరం ధరించారన్నది హదీసుల్లో ఉన్న మాటే. ఉంగరం ధరించడం వేరు, లాభనష్టాలు రాతిచేతిలో ఉన్నాయనుకోవడం వేరు. హజ్రత్ ఉమర్ (రజి) హజరె అస్వద్‌ను ముద్దాడుతూ, అది మేలుగానీ కీడుగానీ చేయలేని రాయేనని, దైవప్రవక్త (స) ముద్దాడటం చూసినందుకే తాను ముద్దాడుతున్నానని అందరికీ వినిపించేలా చెప్పారు. అంతటి పవిత్రమైన రాతి గురించే ఆయన ఆ మాట చెప్పినప్పుడు, కాలిబాట మీది రాతి ‘ప్రభావానికి’ అదనంగా చెల్లించే డబ్బు దేనికోసమో ఆలోచించుకోవాలి.

కొనేముందు

టెస్టర్ కొనవద్దని నా ఉద్దేశం కాదు. గాజును కెంపుగా, సీజెడ్‌ను వజ్రంగా అంటగట్టే మోటు మోసాలను అది అడ్డుకుంటుంది. అది ‘కాదు’ అని చెప్పినప్పుడు జాగ్రత్తపడండి. ‘అవును’ అని చెప్పినప్పుడు అక్కడితో ఆగకండి. దానికి తోడుగా పదిరెట్ల భూతద్దం ఒకటి ఉంచుకుంటే చౌకలో మరో సాక్షి దొరికినట్టే. వెనుకభాగం మూసి, రేకు పెట్టి పొదిగే జడావు నగల్లో రాతిని పూర్తిగా చూడటం భూతద్దానికి కూడా కష్టమని గుర్తుంచుకోండి.

బంగారం మీద హాల్‌మార్క్ ముద్ర ఉంటే రాళ్లకూ హామీ ఉన్నట్టేనని కొందరు అనుకుంటారు. ఆ ముద్ర లోహపు స్వచ్ఛతకే పరిమితం. బిల్లులో బంగారం బరువు వేరుగా, రాళ్ల బరువు వేరుగా రాయించుకోవాలి. రాతి బరువు క్యారెట్లలో చెబితే ఐదు క్యారెట్లు ఒక గ్రాము అని లెక్కకట్టుకోవాలి. రాతి పేరు పక్కన మూడు మాటలు రాసివ్వమని అడగాలి: సహజమా లేక తయారైనదా, వేడి లేదా నింపుడు వంటి ప్రక్రియ ఏదైనా జరిగిందా, మాట తప్పయితే వాపసు తీసుకుంటారా. విలువైన రాయి అయితే పేరున్న పరీక్షాలయం రిపోర్టు చూడాలి. రిపోర్టులోని బరువు, కొలతలు చేతిలోని రాతితో సరిపోతున్నాయో లేదో పోల్చాలి. దాచిన లోపం బయటపడితే సరుకును తిరిగి ఇచ్చే హక్కును ఇస్లామీ వాణిజ్య ధర్మం కొనుగోలుదారుకు ఎప్పుడో ఇచ్చింది. కాగితం మీద రాయించుకోవడం అవిశ్వాసం కాదు, ఆ హక్కును కాపాడుకోవడమే.

అమ్మేవారి వైపు నుంచి చూస్తే బాధ్యత ఇంకా బరువైనది. దైవప్రవక్త (స) మదీనా బజారులో నడుస్తూ ఓ ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని యజమాని చెబితే, ఆ తడిసిన గింజలు జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. మోసగించేవాడితో తనకు సంబంధం లేదని తేల్చి చెప్పారు. తడవడం ఆ వ్యాపారి నేరం కాదు. తడిని కింద దాచడమే నేరం. కొలిమిలో పుట్టిన కెంపును కొలిమి కెంపు అని చెప్పి, దాని ధరకు అమ్మితే అది హలాల్ సరుకే. సామాన్య కుటుంబంలో ఆడపిల్లకు అందమైన నగ కూడా అవుతుంది. అదే రాయిని గనికెంపు అని అమ్మితే, రాతిలో ఏ మార్పూ లేకుండానే ఆ ధనం హరామ్ అవుతుంది.

రెండు సందర్భాల్లోనూ టెస్టర్ ఒకే దీపం వెలిగిస్తుంది. కనుక ఈ పండుగ సీజన్‌లో చార్‌కమాన్‌కు వెళ్లేవారు ఆ పెన్నును జేబులో పెట్టుకుని వెళ్లండి. రాతికి దాన్ని ఆనించడంతో పాటు, దుకాణదారును ఆ మూడు ప్రశ్నలూ అడగండి. ఇంట్లో వారసత్వపు నగలుంటే, పంపకానికి ముందే వాటిని పరీక్షాలయానికి చూపించండి. తల్లి వేలి ఉంగరానికి వెలకట్టే పనిలో అక్కాచెల్లెళ్ల హక్కు కూడా ఇమిడి ఉంటుంది.